అత్తగారు పీకని మొక్క

కలుపు మొక్క కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. సొంత పెరడంటే సరే, అది ఆవిడ రాజ్యం. దారిన పోతూ ఎవరి ప్రహరీ గోడ పగుల్లోంచో గడ్డిమొలక తొంగిచూసినా కూరల సంచి కింద పెట్టి, వంగి, వేరుతో సహా లాగి, చేతులు దులుపుకుంటే గానీ ముందుకు కదలదు. ఒకసారి ఆ ఇంటాయన బయటికొచ్చి "ఏంటండీ ఇది?" అని అడిగితే, "మీ గోడ బీటలిస్తుంది. థాంక్స్ చెప్పక్కర్లేదు" అని వచ్చేసిందట. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిలో లెక్కలు చెప్పిన మనిషి. తప్పు లెక్కను ఎర్ర సిరాతో కొట్టేసినట్టే, ఉండకూడని చోట మొలిచిన మొక్కను పీకేసేది. జాలి, మొహమాటం వంటివి ఆవిడ సిలబస్‌లో లేవు.

అలాంటి మనిషి ఇంట్లో, ఆవిడ కళ్ళెదుటే, ఆవిడ పడకగది కిటికీ కిందే ఒక కలుపు మొక్క నడుమెత్తు పెరిగి, పూసి, గింజలు రాల్చి, మడి నిండా సంసారం పెంచుకుందంటే తెలిసినవాళ్ళెవరూ నమ్మరు. పెంచింది ఆవిడ కోడలు. నీళ్ళు పోసి, ఊతకు పుల్లలు పాతి, కంటికి రెప్పలా పెంచింది. అది కలుపని ఆమెకు తెలియదు.

తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఆమె మూడో అంతస్తు ఫ్లాట్లో పుట్టి, నాలుగో అంతస్తు ఫ్లాట్లో పెరిగింది. కాలి కింద మట్టి తగిలింది పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాకే. కళ్ళజోళ్ళ దుకాణంలో పని ఆమెకు. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి వేసి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగే ఉద్యోగం. ఎదుటివాళ్ళ చూపును వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసేది. ఆ ఏడాది ఆమె చూపు మాత్రం ఏడ్చి ఏడ్చి మసకబారింది.

ఏడో నెలలో బిడ్డ పోయింది. కడుపులో కదలడం మానేసింది, అంతే. ఆడపిల్ల. ఆసుపత్రివాళ్ళు తెల్లటి గుడ్డలో చుట్టి చూపించారు. నిద్రపోతున్నట్టే ఉంది. ఇంటికి వచ్చిన కోడలు మంచం ఎక్కి, గోడవైపు తిరిగి పడుకుంది. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ నడుపుతాడు. పని నుంచి రాగానే సిరా మరకల చేతులు కడుక్కుని వచ్చి, మంచం అంచున కూర్చుని ఆమె తల నిమిరేవాడు. నిమురుతూ నిమురుతూ తన కళ్ళే తుడుచుకునేవాడు.

అత్తగారు కూర్చునేది కాదు. "లేచి స్నానం చెయ్యి." "అన్నం చల్లారిపోతోంది." "ఆ కిటికీ తెరువు, గదికి గాలి తగలాలి." ఆవిడకు తెలిసిన ఓదార్పులు ఇవే. రోజూ తెల్లవారగానే ఆవిడ చెప్పుల చప్పుడు వసారా దాటి వచ్చి, కోడలి గది తలుపు అవతల ఆగేది. కాసేపు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. తర్వాత చెప్పులు వచ్చిన దారినే నెమ్మదిగా వెళ్ళిపోయేవి. కోడలు కళ్ళు మూసుకుని వింటూ, 'హాజరు వేసుకుని పోయింది. ఇంకా లేవలేదని రాసుకుని ఉంటుంది' అనుకునేది. అనుకుని ఇంకాస్త గోడలోకి జరిగేది.

ఒకరోజు మధ్యాహ్నం, గొంతు ఎండిపోయి, నీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని ఎందుకో పెరట్లోకి వచ్చింది. కుళాయి పక్కన, నీళ్ళు పోయే తూము అంచున, ఒక మొక్క కనిపించింది. క్యారెట్ ఆకులాంటి ఆకు. పైన బియ్యపు నూకంత తెల్లటి పూలు, గుప్పెడు. దువ్వినట్టుండే ఆ పెరట్లో ఆ మొక్క ఎలా బతికి బట్టకట్టిందో ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. అత్తగారు ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతూ, ఆ తర్వాత ఇంటెడు చాకిరీ ఒక్కతే చేసుకుంటూ పెరటి మొహం చూడని రోజుల్లో మొలిచి ఉంటుంది. తన కడుపు ఖాళీ అయిన రోజుల్లోనే అది భూమిలోంచి బయటికి వచ్చిందన్నమాట. గ్లాసులో మిగిలిన నీళ్ళు మొక్క మొదట్లో పోసింది.

తల తిప్పేసరికి వంటింటి గుమ్మంలో అత్తగారు. చేతిలో మొక్కలు తవ్వే చిన్న గునపం.

"ఇదేం మొక్క అత్తయ్యా?"

ఆవిడ మొక్కను చూసింది. కోడలిని చూసింది. రేగిన జుట్టు, నలిగిన బట్టలు, ఖాళీ గ్లాసు. చాలాసేపు చూసింది.

"ఏదోలే. తెల్లపూలు పూస్తుంది" అంది. గునపం గుమ్మం పక్కన పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారి, మొక్కకు నీళ్ళు పోయాలని గుర్తొచ్చి కోడలు ఎవరూ పిలవకుండానే మంచం దిగింది. ఆ మర్నాడూ దిగింది. నీళ్ళు పోశాక చేతులెలాగూ తడిశాయి కదా అని మొహం కడుక్కునేది. మొహం కడుక్కున్నాక ఎలాగూ లేచాను కదా అని కాఫీ తాగేది. మనిషి మళ్ళీ మనుషుల్లో పడడం ఇలాగే జరుగుతుంది కాబోలు, ఒక పనిని పట్టుకుని ఇంకొక పని. కొన్నాళ్ళకు దుకాణానికి కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. భర్త ముఖంలో మళ్ళీ కళ వచ్చింది.

మొక్క కూడా ఊరుకోలేదు. దాని చుట్టూ పిల్లమొక్కలు లేచాయి. కోడలికి అంతకంటే ఏం కావాలి? ఒక్కొక్కటీ మట్టిగడ్డతో సహా తీసి, మంచి ఎండ తగిలే చోటు వెతికి, అత్తగారి కిటికీ కింద వరసగా నాటింది. చోటు వెతికింది ఎండ కోసమే కాదు. సాయంత్రాలు ఆవిడ ఆ కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతుంది, తల ఎత్తితే పూలు కనబడతాయి అనుకుంది. బిడ్డ పోయాక ఇంకొకరి కోసం ఏమన్నా చేయాలనిపించడం ఆమెకు అదే మొదలు.

పూత వచ్చిన వారంలోనే అత్తగారు ఆ కిటికీ మూసేసింది. ఉత్తినే మూయడం కూడా కాదు. సందుల్లో పాత చీర పేలికలు కుక్కి మరీ మూసింది.

"ఎందుకత్తయ్యా మూశారు?"

"దుమ్ము."

ఒక్క మాట. కోడలి మనసు చివుక్కుమంది. అక్కడితో అయిపోలేదు. ఆవిడ అసలు పెరట్లోకి రావడమే మానేసింది. ప్రాణంగా చూసుకునే కూర మడులు ఎండిపోతున్నా అటు తొంగిచూడలేదు. కోడలు గుప్పెడు పూలు కోసి గ్లాసులో వేసి భోజనాల బల్ల మీద పెడితే, కంచం పట్టుకుని వీధి వసారాలోకి వెళ్ళి తినసాగింది. "మీ అమ్మకు నేను పెంచిన మొక్కను చూసినా గిట్టడం లేదు" అని కోడలు భర్త దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అమ్మ సంగతి నీకు కొత్తా? ముక్కు మీద కోపం. రెండ్రోజులు పోతే తనే దిగొస్తుంది" అన్నాడు అతను. ఆవిడ దిగిరాలేదు.

ఆవిడకు ఆయాసం ఉండడం కొత్త సంగతి కాదు. ఏళ్ళ తరబడి సుద్దముక్కల పొడి పీల్చింది కదా, అది ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని అందరూ అనేవారు. ఆవిడా తలూపేది. ఆ మధ్య మరీ ఎక్కువైంది. మాట మధ్యలో ఆగి ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకునేది. ఎండలు మండుతున్నా పొడుగు చేతుల జాకెట్లు వేసుకుంది. కోడలు ఇవన్నీ చూసింది. అయితే అలిగిన మనిషి చూసే చూపు వేరు. 'నా మీద కోపం ఒంటికి కూడా పట్టింది' అనుకుంది.

చివరికి తనే ఒక మెట్టు దిగుదామనుకుంది. దుకాణానికి సెలవున్న రోజు సాయంత్రం ఆవిడ వీధి వసారాలో ఉండగా, పూలన్నీ గుత్తిగా కట్టి, గాజు సీసాలో పెట్టి, ఆవిడ మంచం పక్క స్టూలు మీద అలంకరించింది. ఆవిడ పడుకోవడానికి వచ్చి చూసింది. గుమ్మంలో ఆశగా నిలబడ్డ కోడలి మొహం కూడా చూసింది.

"బాగున్నాయి" అంది.

కోడలికి ఏనుగెక్కినంత సంబరమైంది.

తెల్లవారేసరికి ఆవిడకు ఊపిరి అందడం లేదు. మంచం మీద కూర్చుని, రెండు చేతులూ పరుపులోకి గుచ్చి, నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటోంది. పెదవులు నీలంగా మారాయి. కొడుకు ఆవిడను ఎత్తుకుని అంబులెన్సులో పడుకోబెట్టాడు. తలుపు వేస్తుంటే ఆవిడ కోడలి వైపే చూసింది. ఆ చూపులో ఏముందో అప్పుడు కోడలికి తెలియలేదు.

మధ్యాహ్నానికి గండం గడిచిందని భర్త ఫోన్ చేశాడు. కోడలు ఉతికిన బట్టలు, ఫ్లాస్కులో వేడినీళ్ళు సర్దుకుంది. వట్టి చేతులతో వెళ్ళలేక, 'బాగున్నాయి' అన్న మాట చెవుల్లో ఉండి, పెరట్లోకి వెళ్ళి ఇంకో గుత్తి కోసుకుని బయలుదేరింది.

ఊపిరి జబ్బుల వార్డు బయట గోడకు పెద్ద బొమ్మల కాగితం అంటించి ఉంది. ఆయాసం ఉన్నవాళ్ళు దూరంగా ఉంచాల్సినవేమిటో చెప్పే బొమ్మలు. పొగ, బూజు, దుమ్ము పట్టిన దిండు, పిల్లి. పిల్లి పక్కన ఒక మొక్క. క్యారెట్ ఆకులాంటి ఆకు, నూకంత తెల్లపూలు. కింద వయ్యారిభామ అని పేరు. ఎవరు పెట్టారో గానీ, చేసే పనికీ పేరుకీ పొంతన లేదు. దీని పుప్పొడి ఆయాసం పెంచుతుందనీ, ఆకు తగిలితే దద్దుర్లు వస్తాయనీ, పూత రాకముందే వేరుతో పీకేయాలనీ రాసి ఉంది.

కోడలు చేతిలోని గుత్తిని ఎత్తి బొమ్మ పక్కన పెట్టింది. బొమ్మను చూసింది, గుత్తిని చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. రోజూ దుకాణంలో ఇది బాగుందా, అది బాగుందా అని అడిగే మనిషికి ఆ రెంటి మధ్యా తేడా అన్నదే దొరకలేదు. మూసిన కిటికీ, సందుల్లో కుక్కిన పేలికలు, పొడుగు చేతుల జాకెట్లు, కంచం పట్టుకుని బయటికి పోవడం, అన్నీ ఒక్కసారిగా ఆమె మీద పడ్డాయి. గోడకు చేరబడింది.

"అయ్యో, అది పట్టుకుని లోపలికి రాకండి!" నర్సు పరుగున వచ్చింది. "ఇలా ఇవ్వండి, సంచిలో మూట కట్టి పారేస్తాను. చేతులు సబ్బుతో కడుక్కుని రండి." కోడలు మోచేతుల దాకా కడిగింది. ఎర్రబడేదాకా కడిగింది.

లోపల అత్తగారు ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కొడుకు మందుల కోసం వెళ్ళాడు. కోడలు మంచం పక్కన నిలబడింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

ఆవిడ ఏ సంగతని అడగలేదు. మాస్కు కాస్త పక్కకు జరిపింది.

"కలుపు మొక్కను గుర్తుపట్టలేనంత వెర్రిదాన్నా?"

"మొదటి రోజే తెలుసా?"

"పీకడానికే వచ్చాను. గునపం కూడా తెచ్చాను కదా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నువ్వు దానికి నీళ్ళు పోస్తున్నావు. అన్నాళ్ళకి నీ అంతట నువ్వు చేసిన పని అదొక్కటే. అది పీకేస్తే మళ్ళీ వెళ్ళి ఆ గోడవైపు తిరిగి పడుకుంటావేమోనని భయమేసింది."

"మీకు ఊపిరి ఆడట్లేదని తెలిసి కూడా ఊరుకున్నారా? చచ్చిపోయేవారు కదా అత్తయ్యా!"

"నాకు ఇన్‌హేలర్ ఉంది. నీకేముంది?"

కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి దుప్పటిలో మొహం దాచుకుని భోరుమంది. సిగ్గుతో ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ తనను పట్టించుకోలేదనుకున్నందుకు ఏడ్చింది. ఆవిడ చెయ్యి తల మీద పడింది. నిమరడం అలవాటు లేని చెయ్యి, బరువుగా అక్కడే ఉండిపోయింది.

"మీరు కిటికీ మూస్తే, నా పూలు మీకు గిట్టలేదనుకున్నాను."

"గిట్టలేదు మరి. పూలు గిట్టలేదు." మళ్ళీ ఆగింది. "ఇక ఏడవకు. నువ్వేడిస్తే నాకూ ఏడుపొస్తుంది. నేనేడిస్తే ఈ మాస్కు నిలవదు."

పెరడు శుభ్రమయ్యేదాకా ఆవిడను ఇంటికి పంపనని డాక్టరు చెప్పాడు. భర్త "నేను పీకేస్తాలే. నువ్వు ఆ పూటకి ఎక్కడికైనా వెళ్ళు, చూడకు" అన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. "పెంచింది నేను. తీసేదీ నేనే" అంది. ఎలా తీయాలో అత్తగారినే అడిగింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మాస్కు తీసి పెట్టుకుంటూ పాఠం చెప్పింది. ముందు నేల తడపాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. పూత మీద సంచి తొడిగాకే మొక్కను కదపాలి. తుంచకూడదు, తుంచితే మొదట్లోంచి మళ్ళీ చిగురేస్తుంది. ఎరువు కుప్పలో అసలే వేయకూడదు. "ఇది ఒక్కసారితో తీరే పని కాదు. రాలిన గింజ ఏళ్ళ తరబడి నేలలో ఉంటుంది. మొలిచినప్పుడల్లా పీకుతూనే ఉండాలి" అని కూడా చెప్పింది.

ఎండ ఎక్కకముందే కోడలు పని మొదలుపెట్టింది. కిటికీ కింద వరసంతా తీసింది. తడిసిన నేలలోంచి వేళ్ళు తేలిగ్గానే వచ్చాయి. ఊతకు తను పాతిన పుల్లలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. ఆఖరికి తూము అంచున ఉన్న తల్లిమొక్క మిగిలింది. కాండం వేలంత లావైంది.

బిడ్డకు పెట్టాలనుకున్న పేరొకటి ఉంది. ఆ పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా. నీళ్ళు పోస్తున్నప్పుడు ఈ మొక్క దగ్గర మాత్రం ఎప్పుడైనా పెదవుల మధ్య పలికేది. ఇప్పుడు గొంతు విప్పి పలికింది. ఆసుపత్రిలో బిడ్డను తెల్లగుడ్డలో చూపించినప్పుడు నోట రాని పేరు అది. పెరట్లో ఎవరూ లేరు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ తడిసి మొహానికి అంటుకుపోయేదాకా, మొక్క కోసం కాదు, తన కూతురి కోసం ఏడ్చింది. తర్వాత పూత మీద సంచి తొడిగి, మొదలు రెండు చేతులా పట్టుకుని లాగింది. అది అంత తేలిగ్గా రాలేదు. మడమలు నేలకు తన్ని, బలమంతా పెట్టి లాగింది. వేరంతా వచ్చింది.

అత్తగారు కొన్నాళ్ళకు ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది. పెరట్లోకి వెళ్ళలేదు, ఏం చేశావని అడగలేదు. ఆ సాయంత్రమంతా కోడలు ఎటు కదిలితే అటు చూస్తూ కూర్చుంది. భోజనాలయ్యాక కోడలు పడుకోవడానికి వెళ్తుంటే, ఆమె గది తలుపు మూసుకునేదాకా వసారాలోనే నిలబడింది.

మర్నాడు తెలతెలవారుతుండగా, నైట్ డ్యూటీకి వెళ్ళిన భర్త ఇంకా ఇంటికి రాకముందే, కోడలు పెరట్లో గొంతుక్కూర్చుని ఉంది. ఆవిడ చెప్పింది నిజమే. తూము దగ్గరా, కిటికీ కిందా, తడి నేల మీద రెండేసి ఆకులతో మొలకలు అప్పుడే తల ఎత్తాయి. ఆమె ఒక్కొక్కటీ వేళ్ళ కొసలతో పట్టి, వేరు తెగకుండా తీస్తోంది. ఇంట్లోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. వసారా దాటింది. తన గది తలుపు దగ్గర ఆగింది.

కోడలి చెయ్యి కూడా ఆగింది. అన్ని తెల్లవారుజాముల్లోనూ ఆ తలుపు అవతల నిలబడ్డ మనిషి ఏం వినడానికి నిలబడేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. లోపల మంచం కిర్రుమంటుందా, అడుగుల చప్పుడేమన్నా వస్తుందా అని చెవి ఒగ్గి ఉండేది. ఏదీ వినబడకపోతే ఆ చెప్పులు అంత నెమ్మదిగా వెనక్కి వెళ్ళేవి.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఖాళీ మంచం కనబడి ఉంటుంది. చెప్పులు గబగబా కదిలాయి. పరుగెత్తకూడదని డాక్టరు మరీ మరీ చెప్పిన మనిషి, పెరటివైపు కిటికీ ఉన్న తన పడకగదిలోకి దాదాపు పరుగెత్తుకొచ్చింది. కోడలి తల మీద కిటికీ రెక్కలు కిర్రుమన్నాయి. ఎవరో లోపలినుంచి గట్టిగా తోస్తున్నారు. చీర పేలికలు ఊడి ఒకటొకటిగా మట్టిలో పడ్డాయి. కిటికీ తెరుచుకుంది.

అత్తగారి మొహం. ఎగశ్వాస, రేగిన తెల్లజుట్టు, పెరడంతా వెతుకుతున్న కళ్ళు. ఆ కళ్ళు కిందికి దిగి, మట్టి చేతులతో కూర్చున్న కోడలి మీద నిలిచాయి.

"లేచావా?" అంది.

"లేచాను అత్తయ్యా. చాలాసేపయింది."

ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని, ఊపిరి కుదుటపడేదాకా అక్కడే నిలబడింది. కిటికీ మాత్రం మళ్ళీ మూయలేదు.